నాలుగు వేల దగ్గర గుంత

పొద్దంతా నా కొలువు నిశ్శబ్దంతోనే.
పెద్దాసుపత్రిలో, గోడలకు మెత్తలు కొట్టిన చిన్న గదిలో
మనుషుల్ని కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించి
"వినపడితే చెయ్యెత్తు పెద్దాయనా" అంటుంటాను.
సాయంత్రం తాళమేసి బయటికొస్తే
ఎవరైనా, ఏదైనా, గట్టిగా అరిస్తే బాగుండనిపిస్తుంది.

అందుకే ఎస్టీమ్ కొన్నాను. పద్దెనిమిదేండ్ల బండి,
ప్రొద్దుటూరు బంగారంగడాయన వాడి వదిలేసింది.
దాని గొంతు కుట్టుమిషను గొంతు.

రాయచోటి రోడ్డులో మౌలాలి షెడ్డుకు బోర్డు లేదు.
తుప్పు పట్టిన సైలెన్సర్లు పందిట్లో పొట్లకాయల మాదిరి
దూలానికి వేలాడుతుంటాయి. అదే గుర్తు.

"రెండున్నర అంగుళాల పైపెయ్యి మామా,
కోటిరెడ్డి సర్కిల్లో తలలు తిరగల్ల."
బండి కిందికి దూరి, గోరుతో గీకి చూసి, బయటికొచ్చి
"అరుస్తాది. లాగదు" అన్నాడు.
"పొగకైనా తోవ రవ్వంత ఇరుగ్గా ఉండల్ల.
మరీ బార్లా తీస్తే దానికి పరుగు మరుపొస్తాది.
చెట్లకు నీళ్లు పట్టేటప్పుడు పైపు కొన వేలితో నొక్కవా నువ్వు?"

రెండంగుళాలకు ఒప్పుకున్నాను, బేరంలో ఓడినోని మాదిరి.

బుగ్గవంక ఇసుక జల్లించి, పెనం మీద వేయించి
(తడుంటే పేలుతుందట)
పైపులో కూరి, రెండు కొనలకూ చెక్క బిరడాలు కొట్టినాడు.
లేకుంటే వంపు దగ్గర గొట్టం నలుగుతుందట,
నలిగిన చోట పొగ తడబడుతుందట.
ఎర్రగా కాల్చి
చంటిపిల్ల మెడ పట్టుకున్నంత నెమ్మదిగా వంచినాడు.
నాలుగు గొట్టాలు, వెంట్రుక తేడా లేని పొడవులు,
నాలుగు రెండై, రెండు ఒకటై.
నడిమధ్య డబ్బా. చిల్లుల గొట్టం చుట్టూ గాజు దూది.

తొక్కమన్నాడు. పైపు మీద తడిగుడ్డ,
గుడ్డ మీద అరచెయ్యి, కళ్లు మూసుకుని,
"ఇంగా. ఇంగా. ఆఁ, ఆడ ఒగ వణుకుండాది."
చెవులు పరీక్షించి బతికేవాణ్ణి, నాకు తెలియలేదు.
డబ్బా రెండు జానలు ముందుకు జరిపినాడు. పోయిందన్నాడు.

వెనక కూతురు షంషాద్ పిలుస్తాంది
టీ చల్లారిపోతాందని, మూడోసారి.
ఆయన తిరగలేదు.

కూలీ ఎంతంటే
"నీ గదిలో నన్నొగసారి కూర్చోబెడతావా?"

మంగళవారం వచ్చినాడు, ఉతికిన చొక్కా, గోళ్లలో మసి.
ఐదు వందల దగ్గర చెయ్యెత్తినాడు. వెయ్యి దగ్గర ఎత్తినాడు.
రెండు వేలకు ఆలోచించి ఎత్తినాడు.
నాలుగు వేల దగ్గర నేను శబ్దం పెంచుతా పోయినాను,
పెంచుతా పోయినాను,
ఒళ్లో చేతులు రెండూ అట్లే ఉన్నాయి,
నమాజుకు ముందు కూర్చున్నంత ఓపిగ్గా.
ఎనిమిది వేలకు మళ్లీ లేచింది చెయ్యి.
కాగితం మీద గీత గుంతలో పడి లేచింది.
గ్రైండరు తవ్విన గుంత, సుత్తి తవ్విన గుంత.

నా బండి గొంతు విచ్చుకునేది కూడా
ముల్లు నాలుగు వేలు దాటినాకనే.
ఈ మాట ఆయనకు చెప్పలేదు.

"ఏం పోయింది?"
"పిచ్చుకలు. కుక్కరు విజిలు. ఆడపిల్లల మాటల్లో కొనలు."
కాగితం అటూ ఇటూ తిప్పి, మడిచి, జేబులో పెట్టుకుని
"బండి ఘాటెక్కించినావా?" అన్నాడు.

ఆదివారం, గువ్వలచెరువు ఘాటు, మూడో గేరు.
ముందర సిమెంటు లారీ ఆ మలుపు దాకా సతాయించి తోవిచ్చింది.
తొక్కినాను.
మూటెత్తే హమాలీ రొమ్ములోంచి వచ్చే హుంకారం,
అంతకు మించి కాదు.
కొండ వెనక్కి జరిగింది.
మౌలాలి మామ తలుపు రేకుకు అరచెయ్యి ఆనించి
పక్కన పిల్లోడు నవ్వినట్టు నవ్వుతున్నాడు.

పైన పాలకోవా అంగడి ముందర తాళం తిప్పినాను.
దొప్పల్లో వేడి కోవా.
బండి కింద చల్లారే పైపు
టిక్... టిక్...
సన్నగా, ఆయన వంచిన వంపు దగ్గర్నుంచే.

"యెంత నిమ్మళంగుండాది ఈడ" అన్నాడు, వేళ్లు నాక్కుంటా.
టిక్.
ఊఁ అన్నాను.